గవర్రాజు గారు సంతకం చేయని కొలత

1989 జూన్ 12వ తేదీన విశాఖపట్నంలోని మా పరిశోధనశాలలో సాంకేతిక సహాయకులుగా చేరిన శ్రీ సూరాడ గవర్రాజు గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. యారాడ మత్స్యకార కుటుంబంలో జన్మించి, వ్యోమనౌకలలో వాడే పదార్థాలు మహాశీతలంలో వేడిని ఎంతగా ప్రసరింపజేస్తాయో కొలిచే విద్యలో మాకు గురుతుల్యులైన వారి ప్రధాన సద్గుణం అనుమానం.

1998లో సీనియర్ సహాయకులుగా, 2007లో పర్యవేక్షకులుగా ఎదిగినా ఏ అంకెనూ వారు ముఖం చూసి నమ్మలేదు. ఇంట్లోనూ అంతేనట. "కూరలో ఉప్పు సరిపోనాదంటే, గిన్నెలో ఏ పక్క సూసావే అంటాడండి" అని వారి శ్రీమతి సీతాలు గారు వాపోతుంటారు.

2014లో నేనొక కొత్త మిశ్రమాన్ని పరీక్షించాను. మూడుసార్లు కొలిచినా, అది వేడిని అద్భుతంగా ప్రసరింపజేస్తుందనే ఫలితమే వచ్చింది. నివేదిక మీద గవర్రాజు గారి సంతకమొక్కటే తరువాయి. వారు కలం ముట్టలేదు.

"మూడు మాట్లు కొలిచానండీ. ఇంకా ఏమిటి మీ అనుమానం?" అన్నాను.

"మూడు మాట్లూ ఒకేలాగొచ్చిందని నిజమైపోద్దేటమ్మా? తప్పు కూడా ఒకేలాగే వత్తాది. నాను సంతకం పెట్టను."

నా పేరు పైకి రావడం ఓర్వలేకే అడ్డుపడుతున్నారని నాకు గట్టి అనుమానం. వారమంతా వారిని ఓ కంట కనిపెట్టాను. వారేమో ఉష్ణమాపకాల లావుపాటి రాగితీగలు తీసేసి, వెంట్రుకంత సన్నని తీగలు బిగిస్తూ కూర్చున్నారు. మళ్లీ కొలిస్తే ఫలితం మూడో వంతు పడిపోయింది. లావు తీగల గుండా జారిపోయిన వేడిని కూడా నేను ఆ మిశ్రమం ఖాతాలోనే వేశాను. ఆ నివేదిక వెళ్లి ఉంటే, ఉపగ్రహంలో ఒక పరికరం వేడెక్కి చచ్చేది.

అప్పటికే ఆలస్యమైంది. గవర్రాజు గారు కావాలనే పరికరాలను పాడుచేస్తున్నారని డైరెక్టరు గారికి ఆ వారంలోనే ఓ ఆకాశరామన్న ఉత్తరం అందింది. విచారణలో ఏమీ తేలకపోయినా వారికి రావలసిన తర్వాతి పదోన్నతి రెండేళ్లు ఆగింది.

"మనోళ్లే ఎవరో రాసుంటారమ్మా. నీకేటైనా తెలుసా?" అని వారొకనాడు అడిగారు.

తెలియదన్నాను. మూడు కొలతలను నమ్మని మనిషి, నా ఒక్క మాటను నమ్మేశారు.

ఆ ఉత్తరం రాసింది నేనే. పదకొండేళ్లుగా సిగ్గుతో దాచుకున్న ఈ మాటను సీతాలు గారి ఎదుట, సహోద్యోగులందరి సాక్షిగా ఒప్పుకుని చేతులు జోడిస్తున్నాను. గవర్రాజు గారు సతీసమేతంగా ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను. ఈసారి నన్ను వెంటనే నమ్మనక్కరలేదండీ.

— జ్యోతిర్మయి, శాస్త్రవేత్త