మేకు లేని బొమ్మ

"ఆ కుర్చీలో కూర్చోకండమ్మా. అది చూసుకోవడానికే."

"కుర్చీ చూసుకోవడానికా?"

"అందరూ ఇలాగే నవ్వుతారు. అరవై రెండులో మా ఊరి వడ్రంగి చేసిన టేకు కుర్చీ. హమ్రా వీధిలో ఓ విమానాల కంపెనీ ఆఫీసు మూసేస్తుంటే చెత్త లారీలోంచి దింపించాను. ముప్పై ఏళ్ళయింది, నేనే ఇంతవరకూ దాంట్లో కూర్చోలేదు. ఇదిగో, ఈ ముక్కాలిపీట తీసుకోండి. ఇదీ పాతదే గానీ మనిషిని మోస్తుంది."

బేరూతులో, బస్తా పేటలో, పాత సామాన్ల అంగళ్ళకి పైన మూడో అంతస్తు. పొద్దున పదింటికి వజీహ్ తన ఇంట్లో ఉన్నవన్నీ మురిసిపోతూ చూపిస్తుంటే, ఎదురుగా రబాబ్ చేతులకి తెల్ల తొడుగులు వేసుకుంటోంది. అతని దగ్గర ఒక గల్ఫ్ మ్యూజియం వాళ్ళు కొన్న శిల్పాన్ని పెట్టెలో పెట్టే ముందు పరీక్షించమని ఆమెని పంపారు. ఆమె ఇంకో పని మీద కూడా వచ్చిందన్న సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

"కాఫీ?"

"పనయ్యాక తాగుతాను ఉస్తాద్. ముందు శిల్పం చూద్దాం."

"చూడండి, కరువుతీరా చూడండి. యాభై ఏళ్ళ నాటిది. అక్రోటు కర్ర. ఒక్క మేకు లేదు, చుక్క జిగురు లేదు. ఏ పక్కనుంచి చూస్తే ఆ పక్క ఇంకో ఆకారం. మా ఆవిడ బతికున్నప్పుడు, ఇది మనిషా, కొండా, దుంపా అని రోజూ అడిగేది."

"మీరేం చెప్పేవారు?"

"దుంపేననేవాణ్ణి. పోట్లాట ఎందుకని."

"కాగితంలో శిల్పి పేరు తెలియదని రాశారు."

"తెలియదు కాబట్టి రాశాను."

"ఎక్కడ కొన్నారు?"

"కింద వీధిలోనే. తొంభై ఒకటిలో. అమ్మినవాడు పోయాడు పాపం."

"అతని పేరు?"

"వాడి పేరా? అబూ ఏదో. అమ్మా, మీరు మ్యూజియం చదువులు చదివారు గానీ మా బస్తా పద్ధతి తెలిసినట్టు లేదు. ఇక్కడ సరుకు ఎలా ఉందని అడుగుతాం. ఎవరింట్లోదని అడగం. యుద్ధం అయిపోయిన కొత్తలో ఆ మాట అడిగుంటే ఈ వీధిలో ఒక్క పీట కూడా చేతులు మారేది కాదు."

"అంటే అడగకుండా కొన్నారు."

"అడగకుండా కొన్నాను, అడగకుండా అమ్ముతున్నాను. అది వదిలేసి ఈ ఎడమ పక్క నునుపు చూడండి. గీత కూడా పడలేదు. రోజూ మెత్తటి గుడ్డతో నేనే తుడుస్తాను, పనిమనిషిని దీని జోలికి రానివ్వను."

"చూశాను. బాగా ఉంచారు. ఇప్పుడు దీన్ని విప్పాలి."

"విప్పడమేమిటి?"

"పెట్టెలో ఇంత ఎత్తు పట్టదు. ముక్కలు విడదీసి సర్దాలి."

"ఇది విడిపోదు."

"అతుకులు కనిపిస్తున్నాయి కదా."

"కనిపిస్తాయి. అది చేసినవాడి చమత్కారం. ముప్పై ఏళ్ళుగా నా ఇంట్లో ఉంది, ఒక్కసారి కూడా విప్పలేదు. నాకు తెలియదు. ఎవరికీ తెలియదు."

"ఫరవాలేదు, నేను చూసుకుంటాను. చెక్క చీలిక తెచ్చాను. సుత్తి ఉంది."

"సుత్తా?"

"మెత్తటిదే. ఇదిగో, ఈ సందులో చీలిక పెట్టి రెండు దెబ్బలు వేస్తే..."

"వద్దమ్మా. ఇంకో పెట్టె చేయిద్దాం. పెద్దది."

"మధ్యాహ్నం లారీ వస్తుంది. మన కోసం ఓడ ఆగుతుందా? కాస్త అటు పట్టుకోండి."

"ఆగండి, ఆగండి. అక్కడ కాదు."

"ఎక్కడైతే ఏం?"

"అక్కడ కొడితే నడుము దగ్గర విరుగుతుంది. తీయండి ఆ సుత్తి. ఇలా ఇవ్వండి. పైన ఈ వంపు ఉందే, దీన్ని లాగకూడదు. కిందికి నొక్కాలి. నొక్కి, పావు వంతు తిప్పాలి. చూశారా, చప్పుడైనా లేదు. ఇప్పుడీ పెద్దది వదులవుతుంది. తొందరపడి దీన్ని ఎత్తేయకుండా, ముందు పక్కనున్న చిన్నదాన్ని..."

"జారనివ్వాలి."

"అవును. అది జారాక..."

"ఇంకో రెండు వస్తాయి. ఆఖరికి పెద్దవి రెండూ మిగులుతాయి, ఒకదాన్నొకటి కౌగలించుకొని."

"మీకెలా తెలుసు?"

"మీకెలా తెలుసు ఉస్తాద్?"

"నాకా... ఏదో, చేతికి తోచింది."

"ఒక్కసారి కూడా విప్పలేదన్నారు."

"చెయ్యి తిరిగినవాళ్ళకి కర్రే చెబుతుందమ్మా."

"చెప్పదు. ఇది చేసింది మా నాన్న. తౌఫీఖ్ ఆయన పేరు. బాషూరా పేటలో నాలుగో అంతస్తు మాది. బళ్ళో డ్రాయింగ్ మేష్టారు. సాయంత్రాలు వంటింట్లో కూర్చొని చెక్కేవారు, పొట్టు ఊడవలేక అమ్మ తిట్టేది. దీన్ని విప్పే వరస ఆయనకి తప్ప ఎవరికీ రాదు. అమ్మకి రాదు. నాకూ సగమే వచ్చు, నాకప్పుడు తొమ్మిదేళ్ళు."

"కాఫీ పెడతాను."

"కూర్చోండి."

"నీళ్ళైనా..."

"కూర్చోండి ఉస్తాద్. మీరు చూసుకునే కుర్చీలోనైనా సరే, కూర్చోండి."

"కూర్చున్నాను."

"ఎనభై అయిదు నవంబరులో, మధ్యాహ్నం కంచాల ముందు కూర్చున్నప్పుడు వచ్చారు నలుగురు. నాన్నని తీసుకెళ్ళారు, దీన్నీ తీసుకెళ్ళారు. మనిషిని ఎందుకు తీసుకెళ్ళారో ఇప్పటికీ తెలియదు. బొమ్మని ఎందుకు తీసుకెళ్ళారో అంతకన్నా తెలియదు. మొన్న మ్యూజియం జాబితాలో ఫొటో చూశాను. ఈ పని నాకే ఇవ్వమని వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను."

"లోపల కాగితాలున్నాయనుకున్నాం."

"ఏమన్నారు?"

"ఆ బొమ్మ లోపల. పేర్ల జాబితా దాచాడని మా దళంలో పైవాడికి ఎవడో ఎక్కించాడు. పగలగొట్టమన్నాడు. అంతవరకూ దెబ్బలు తింటున్నా నోరెత్తని మనిషి, దానికి మాత్రం చేతులు అడ్డం పెట్టాడు. నేనే విప్పి చూపిస్తానన్నాడు. విప్పాడు. లోపల ఓ గుప్పెడు ఖాళీ ఉంది, అంతే."

"ఆ నలుగురిలో మీరున్నారా?"

"మెట్ల కింద. కాపలా. ఇరవై రెండేళ్ళు నాకు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నేలమాళిగలో ఆయనకి కాపలా నేనే. పొద్దుపోక దాన్ని విప్పేవాడు, కలిపేవాడు. నన్నూ కూర్చోబెట్టి నేర్పాడు. తప్పు చేస్తే వేళ్ళ మీద కొట్టేవాడు, తుపాకీ నా దగ్గరున్నా సరే. అంతకుముందు నాకు పీటకీ మంచానికీ తేడా తెలియదు. ఈ ఇంట్లో ఉన్న ప్రతి కుర్చీ, ప్రతి బొమ్మ ఆయన నేర్పిన చూపుతోనే ఏరుకున్నాను."

"ఆయన గొప్పతనం మీ నోట వినడానికి రాలేదు నేను. ఒక్కటే అడుగుతాను. ఉన్నారా, పోయారా?"

"ఇన్నేళ్ళ తర్వాత ఎందుకమ్మా..."

"ఎందుకో చెబుతాను వినండి. కిందటేడు రేవులో పేలుడు జరిగిన రోజు మా భవనం నిలువునా చీలింది. ఇంజనీర్లు వచ్చి గోడ మీద ఎర్ర గుర్తు పెట్టి ఖాళీ చేయమన్నారు. పద్నాలుగు కుటుంబాలూ వెళ్ళిపోయాయి. మా అమ్మ ఒక్కతే ఉంది అందులో. ఆయన వచ్చి తలుపు తడితే ఎవరు తీస్తారంటుంది. మొన్న వానకి మెట్ల గోడ కూలింది. బలవంతాన ఎత్తుకొచ్చేద్దామని వెళితే గడియ పెట్టుకుంది. పోయాడని కళ్ళారా చూసిన మనిషి నా ఎదటికొచ్చి చెబితే ఆ రోజే దిగుతానంది. ముప్పై ఆరేళ్ళుగా అలాంటి మనిషి కోసం తిరుగుతున్నాం. గడప గడపా తిరిగాం. ఇంకో వాన పడితే ఆ ఇల్లు నిలవదు."

"చెబుతాను."

"చెప్పండి."

"పోయాడు."

"ఎప్పుడు?"

"తీసుకొచ్చిన మూడో వారంలో. జ్వరం తగిలింది. మందు లేదు. నేను తడిగుడ్డ వేస్తూనే ఉన్నాను. తెల్లారి చూస్తే లేడు."

"చాలా బాధపడ్డారా?"

"లేదమ్మా. నిద్రలోనే."

"ఎక్కడ పెట్టారు?"

"రేవు దగ్గర. ఇప్పుడక్కడ రోడ్డు వేసేశారు. చూపించమంటే చూపించలేను."

"నిద్రలోనే అంటే నిద్రలోనేనా?"

"నిద్రలోనే. ఏడవండమ్మా. ఫరవాలేదు."

"ఏడుపు రావడం లేదు. ఒళ్ళు తేలికైనట్టుంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మీ పీక పట్టుకోవాలనీ ఉంది, మీ చెయ్యి కళ్ళకద్దుకోవాలనీ ఉంది. ఈ మాట మా అమ్మ ముందుకొచ్చి చెప్తారా?"

"చెప్తాను. ఎప్పుడంటే అప్పుడు."

"ఈ రోజే. ఇవి సర్దేసి బయల్దేరదాం. ఇవేవీ గల్ఫ్‌కి వెళ్ళవు, అర్థమైందనుకుంటా."

"అర్థమైంది. మీ వస్తువు. మిగతావి నేను విప్పుతాను, మీరలా కూర్చోండి."

"నేనే విప్పుతాను."

"వద్దు, ఆ పెద్దవి రెండూ నాకు వదిలేయండి. చేతులు నలుగుతాయి."

"నలగనివ్వండి. ఇదిగో, ఇది మా చెల్లి. ఇది నేను. ఇది అక్క. ఇంట్లో ఎవరు పుడితే వాళ్ళకో ముక్క చెక్కి, లోపలి పక్క పేరు రాసేవారు. మళ్ళీ బొమ్మంతా కొత్తగా కలిపేవారు. ఈ పెద్దవి అమ్మా, నాన్నా. అయిదుగురం... ఏదో దొర్లింది."

"ఏం లేదు."

"దొర్లింది. మీరు తీశారు."

"అదా, అతుకు. కర్ర ఎండి లోపల వదులైతే నేనే వేయించాను. పారేస్తాను."

"ఒక్కసారి కూడా విప్పని బొమ్మకి లోపల అతుకు వేయించారా?"

"రబాబ్ గారూ, మీ అమ్మగారు ఎదురుచూస్తుంటారు. పదండి వెళ్దాం."

"ఇలా ఇవ్వండి."

"వదిలేయండమ్మా."

"ఇవ్వండి. ఇది అక్రోటు కాదు. తుపాకీ మడమ కర్ర, భుజానికి ఆనించేది."

"విరిగిన తుపాకీది."

"లోపల పేరుంది. నాన్న చేతిరాతే. యూనుస్. వాడు మా తమ్ముడు. నాన్నని తీసుకెళ్ళేనాటికి కడుపులో వాడున్నాడని అమ్మకే తెలియదు. మరుసటి ఏడు జూలైలో పుట్టాడు. వారం తర్వాత మా తాతయ్యే వాడికి ఆ పేరు పెట్టాడు. మూడో వారంలో పోయిన మనిషికి ఈ పేరు ఎవరు చెప్పారు?"

"అమ్మా..."

"ఎవరు చెప్పారు?"

"నేనే. మీ వీధి రొట్టెల కొట్టు దగ్గర విన్నాను. పరుగెత్తుకెళ్ళి చెప్పాను. ముందు నమ్మలేదు, వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. లెక్క సరిపోయాక కర్ర కావాలన్నాడు. అక్కడ కర్ర ఎక్కణ్ణుంచి తేను? ఆ మడమ తెచ్చి, చాకు ఇచ్చాను. పట్టుబడితే నన్ను కాల్చేసేవాళ్ళు. పది రోజులు చెక్కాడు. ఆ లోపలి ఖాళీలో సరిగ్గా పట్టేట్టు."

"జ్వరం?"

"లేదు."

"తడిగుడ్డ?"

"లేదు."

"మరి ఎప్పుడు పోయారు?"

"పోయాడో లేదో నాకు తెలియదు. ఎనభై ఏడు చలికాలంలో పదకొండు మందిని లారీ ఎక్కించారు. సరిహద్దు అవతల జైలుకన్నారు. తన కాళ్ళ మీదే నడిచి ఎక్కాడు. బొమ్మ నా చేతిలో పెట్టి మా ఇంట్లో ఇవ్వమన్నాడు. లారీ తలుపు వేసింది నేనే."

"ఇవ్వమన్నారు. మా ఇంట్లో."

"మూడుసార్లు మీ వీధి చివరిదాకా వచ్చాను. ఇస్తే ఎక్కడిదని అడుగుతారు. అడిగితే ఏం చెప్పను? ముప్పై నాలుగేళ్ళు ఎదురుగా పెట్టుకు కూర్చున్నాను. సముద్రం దాటించేస్తే నాకు నిద్ర పడుతుందనుకున్నాను."

"ఇందాక అబద్ధం ఎందుకు చెప్పారు?"

"మీరలా చెప్పాక... ఆ ఇల్లు, ఆ గోడ. బతికి లారీ ఎక్కాడంటే ఆవిడ దిగుతుందా? ఇంకా గట్టిగా కూర్చుంటుంది. అదొక్కటే కాదు, నా కోసమూ చెప్పాను. జ్వరంతో పోయాడంటే నేను చేసింది కొంచెం చిన్నదవుతుంది."

"ఇప్పుడాయనకి ఎనభై మూడు."

"అవును."

"ఉంటే."

"ఉంటే. అమ్మా, ఇక దాచను. మీ అమ్మగారి కాళ్ళ మీద పడి ఉన్నదున్నట్టు చెబుతాను. మాయమైనవాళ్ళ కోసం కమిటీ వేశారు కదా, వాళ్ళ దగ్గరికీ వస్తాను. ఎవరెవరున్నారో, ఏ లారీయో అన్నీ రాసి సంతకం పెడతాను. పదండి."

"పెడుదురు గాని. రేపు కమిటీకి, ఎల్లుండి కోర్టుకి, ఎవరడిగితే వాళ్ళకి నిజమే చెబుదురు గాని. మా అమ్మకి మాత్రం కాదు."

"మరి ఆవిడకి?"

"ఈ ముక్క నా సంచిలో ఉంటుంది, ఆమె కంట పడదు. ఆ అయిదూ మీరు పట్టుకోండి. మూడో వారం, జ్వరం, తడిగుడ్డ, నిద్రలోనే. మా నాలుగో అంతస్తు ఎక్కేలోపు నాకు ఇంకోసారి చెప్పి చూపించండి ఉస్తాద్, ఆమె ముందు మీ గొంతు తడబడితే ఇవాళ కూడా ఆమె దిగదు."