ఊళ్ళు కొలిచిన నిత్యానందం గారు

1994 సెప్టెంబరు పదకొండవ తేదీ ఆదివారం ఉదయం, కృష్ణా జిల్లా బందరు పట్టణం వలందపాలెం వాస్తవ్యులు శ్రీ పెనుమాల నిత్యానందం గారు, గల్ఫు దేశంలోని చమురు పట్టణమైన దుఖాన్‌లోని మన సంస్థ శాఖా కార్యాలయంలో జూనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌గా విధులలో చేరారు. అప్పటికి వారి వయసు ఇరవై తొమ్మిదేళ్ళు. పాలిటెక్నిక్ డిప్లొమా, ఇంకు పెన్నుల పెట్టె, రెండు జతల బట్టలు, కరుణమ్మ గారితో నిశ్చయమైన వివాహం, ఇవి ఆనాటి వారి ఆస్తి. ముప్పై ఒక్క సంవత్సరాల నిరంతర సేవ అనంతరం ఈ మాసాంతాన వారు ప్రధాన డ్రాఫ్ట్స్‌మన్‌గా పదవీ విరమణ చేయనున్న శుభసందర్భంలో, వారి జీవితాన్ని ఈ సంచిక పాఠకుల ముందుంచడం సహోద్యోగులందరికీ గౌరవం.

నిత్యానందం గారిని అర్థం చేసుకోవాలంటే ముందు వలందపాలెం గురించి కొంత చెప్పుకోవాలి. హాలెండు నుంచి వచ్చినవారిని మన పూర్వులు వలందులన్నారు, ఫ్రెంచివారిని పరాసులన్నారు. ఆ వర్తకులు ఓడలెక్కి వెళ్ళిపోయి శతాబ్దాలు గడిచినా బందరులో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు మాత్రం మిగిలాయి. నిత్యానందం గారు పుట్టింది ఒకప్పటి వలందు వర్తకుడి మేడలో. వారి నాన్నగారు అందులో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. మొత్తం ఏడు కుటుంబాలు ఆ మేడలో కాపురం ఉండేవి. గానుగ సున్నంతో కట్టిన మూరెడు మందం గోడలు, గుండ్రటి స్తంభాల వసారా, టేకు దూలాలు, మూలన మలుపు తిరిగి పైకి వెళ్ళే చెక్కమెట్లు, ఆ మెట్ల మీద సాయంత్రాలు ఏడిళ్ళ పిల్లలూ కూర్చుని చదువుకోవడం, ఇది వారి బాల్యం.

దుఖాన్‌లో వారు తొమ్మిదేళ్ళు చమురు గొట్టాల నక్షాలూ, కంపెనీ క్వార్టర్ల ప్లాన్లూ గీశారు. పని ఎంత శుద్ధంగా చేసేవారంటే, వారు సంతకం చేసిన షీటును మళ్ళీ తనిఖీ చేయనవసరం లేదన్న నమ్మకం పై అధికారులకు ఏడాదిలోనే కుదిరింది. శుక్రవారాలు మాత్రం ఒంటరిగా తీరానికి వెళ్ళి కూర్చునేవారు. ఆ రోజులను గురించి ఒకసారి, "బందరులో పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది. దుఖాన్‌లో సముద్రంలోకి కుంకుతుంది. అదే నాకు ఏదో తిరగబడినట్టుండేది" అన్నారు. 1997లో వివాహమయ్యాక, మరి రెండేళ్ళకు కరుణమ్మ గారు ఒక క్లినిక్‌లో నర్సుగా చేరి ఆ దేశపు రాజధాని దోహాకు రావడంతో ఆ వెలితి కొంత తీరింది. దంపతులు నగర శివారు ముఐథర్‌లో ఒక విల్లాలో రెండు గదులు తీసుకున్నారు. అక్కడి నుంచే నిత్యానందం గారు దుఖాన్‌కు రోజూ వెళ్ళివచ్చేవారు. నేటికీ అదే వారి నివాసం.

2003లో సంస్థ దోహాలో పాత కట్టడాల నక్షాల విభాగాన్ని ప్రారంభించినప్పుడు, దానికి మొట్టమొదట ఎంపికైనవారు నిత్యానందం గారే. వలస పాలకులు కట్టిన రేవు పట్టణాలు, ప్రపంచ వారసత్వ జాబితాకెక్కి పదిలమైనవి, వాటి వీధుల కొలతలు దేశదేశాల నుంచి ఇక్కడికి వచ్చేవి. వాటిని భద్రపరచదగిన నక్షాలుగా మలచడం ఆ విభాగం పని. బుడతకీచులనే పోర్చుగీసువారి మొజాంబిక్ దీవి, ఇంగ్లీషువారి జార్జిటౌను, వలందుల మలక్కా, గాలే, ఈ ఊళ్ళన్నీ ఒక్కటైనా చూడకుండానే నిత్యానందం గారి బల్లమీద ఒక్కొక్క గడపగా లేచి నిలబడ్డాయి. ఏ వీధిలో ఎన్ని తలుపులు, ఏ తలుపుకు ఎన్ని రెక్కలు, వారికి కంఠోపాఠం. ఒక్క నియమం మాత్రం ఎన్నడూ తప్పలేదు. కొలవని అంకె షీటుమీద వేయరు. కొలత రాకపోతే ఆ చోటు ఖాళీగా వదిలి, పక్కన "కొలవలేదు" అని రాస్తారు.

ఆ విభాగంలో వారికి జతగా చేరిన సర్వేయర్ శ్రీ గౌస్ మొహియుద్దీన్ గారు హైదరాబాదు వాస్తవ్యులు. ఇద్దరి మధ్యా ఇరవై ఏళ్ళకు పైబడిన స్నేహం. నిత్యానందం గారు ఎవరితోనూ పంచుకోని సంగతులు గౌస్ గారికి తెలుసు. ఇకపై చెప్పబోయేది వారి నోట విన్నదీ, నిత్యానందం గారు అనుమతించినదీ.

2009 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, మలక్కా వీధుల చివరి షీట్లు సిద్ధమవుతున్న సమయంలో, బందరు నుంచి చెల్లెలు తెరెసా గారు ఫోను చేశారు.

"అన్నయ్యా, మన వలందు మేడ కొట్టేస్తున్నారు. ఫంక్షన్ హాలు కడతారంట. పైకప్పు నిన్ననే దించేశారు."

"మెట్లున్నాయా?"

"ఇవాళ ఉన్నాయి. రేపటి సంగతి చెప్పలేను. నువ్వు రాగలవా?"

"శనివారంలోగా మలక్కా షీట్లు ఇవ్వాలమ్మా."

చెల్లెలు మెల్లగా, "ఆ ఊరెక్కడికీ పోదు కదన్నయ్యా" అన్నారు.

నిత్యానందం గారు టేపు పట్టుకెళ్ళి మెట్లయినా కొలవమని చెల్లెలిని బతిమాలారు. ఆమె వెళ్ళారు కూడా. గోడలు కూలే చోటికి ఎవరినీ రానిచ్చేది లేదని కూలీల మేస్త్రీ గేటు దగ్గరే ఆపేశాడు. మలక్కా షీట్లు శుక్రవారానికే, ఒక రోజు ముందుగా, ఒక్క దిద్దుబాటు లేకుండా వెళ్ళాయి. ఆ వారాంతానికి వలందు మేడ నేలమట్టమైంది.

సంగతి ఆలస్యంగా తెలిసిన గౌస్ గారు కోపం పట్టలేకపోయారు. "లీవు అడగకపోతివి ఏందన్నా? అడిగితే ఇయ్యకపోతుండెనా మనోళ్ళు?"

"ఇచ్చేవాళ్ళు గౌస్. అందుకే అడగలేదు" అన్నారు నిత్యానందం గారు. "వెళ్తే అది పడిపోవడం చూడాలి. చూడలేననిపించింది."

తర్వాత ఆ మేడను జ్ఞాపకంలోంచి గీయడానికి కూర్చున్నారు. వసారా వచ్చింది, స్తంభాలు వచ్చాయి, కిటికీలు వచ్చాయి. మెట్ల దగ్గర చేయి ఆగిపోయింది. పదిహేడా, పందొమ్మిదా? తెరెసా గారు పదిహేడన్నారు. ఒకప్పుడు కింది వాటాలో ఉన్నవారు ఇరవై అన్నారు. ఎక్కడెక్కడి ఊళ్ళవో లెక్కలేనన్ని మెట్లు గీసిన మనిషికి, తాను కూర్చుని చదువుకున్న మెట్ల లెక్క దొరకలేదు. ఆ షీటు ఈనాటికీ అసంపూర్ణంగానే ఉంది.

2014లో, గీసిన నక్షాలను స్థలంలో సరిచూసే పనిమీద సంస్థ వారిద్దరినీ శ్రీలంకలోని గాలే కోటకు పంపింది. నిత్యానందం గారు తాము గీసిన ఊరిలో అడుగుపెట్టడం అదే మొదలు. వారు ఆటో డ్రైవరుకు సందులు చెబుతుంటే, అతడు ఈయన ఎన్నేళ్ళ కిందట ఊరు వదిలి వెళ్ళారని అడిగాడట. మూడవ నాడు లేన్ బాన్ వీధిలోని ఒక ఇంట్లో కొలతలు తీసుకుంటూ మూలనున్న మెట్ల దగ్గరికి వచ్చారు. అదే మలుపు. అదే చెక్క కిర్రు చప్పుడు. నిత్యానందం గారు ఏడెనిమిది మెట్లెక్కి, టేపు ఒడిలో పెట్టుకుని, అక్కడే కూర్చుండిపోయారు.

ఆ ఇంటి పెద్దావిడ ఒకప్పుడు బడిలో టీచరు. ఆమె కంగారుగా వచ్చి, "మెట్లలో ఏమైనా తేడా ఉందా?" అని ఇంగ్లీషులో అడిగారు.

"లేదమ్మా. మా ఇంటి మెట్లలా ఉంటేనూ, కూర్చున్నాను."

"మీ ఇల్లెక్కడ?"

"ఇప్పుడు లేదు."

ఆమె లోపలికి వెళ్ళి, టీ కాచి తెచ్చి ఆయన చేతికిచ్చి, రెండు మెట్లు కిందుగా తానూ కూర్చున్నారు. కొంతసేపయ్యాక తనలో తాను అనుకుంటున్నట్టుగా, "ఇక్కడ ఒక పెంకు మార్చాలన్నా అర్జీ పెట్టాలి. ఈ ఇల్లు మనది కాదమ్మా, ప్రపంచానిది అని మా అబ్బాయిలు విసుక్కుంటారు. నాకూ విసుగే. కానీ నా పెళ్ళినాడు ఏ తలుపులోంచి లోపలికి వచ్చానో, ఇవాళా అదే తలుపు తీస్తున్నాను" అన్నారు.

వీధిలోకి వచ్చాక గౌస్ గారు ఉండబట్టలేక, "ఒక్క తీరుగనే ఉన్నయి గదన్నా. గీ లెక్కనే నీ షీటుల ఏసెయ్యరాదూ" అన్నారు.

"అవి ఆవిడ మెట్లు గౌస్. మనం ఎత్తుకుపోకూడదు" అని నిత్యానందం గారు నడక సాగించారు.

ఆ మరుసటి సంవత్సరం నుంచి వారి సెలవుల తీరు మారిపోయింది. బందరు వెళ్ళిన ప్రతిసారీ ఉదయం పూట దంపతులిద్దరూ టేపు పుచ్చుకుని బయలుదేరేవారు. ఒక కొస కరుణమ్మ గారు, ఒక కొస నిత్యానందం గారు. వలందపాలెంలో, పరాసుపేటలో, ఇంగ్లీషుపాలెంలో మిగిలిన పాత ఇళ్ళ తలుపులు తట్టి, కొలుచుకోనివ్వమని అడిగేవారు. ఇంటిపన్ను పెంచడానికి వచ్చారని కొందరు తలుపు మూసేసేవారు, కొందరు కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చేవారు. ఎవరూ అప్పగించని పని అది, ఏ జాబితాకూ చేరని ఊరు అది. అంటువ్యాధి కాలంలో రెండేళ్ళు ప్రయాణం ఆగినా, ఇప్పటికి ఇరవై ఏడు ఇళ్ళు కొలిచారు. వాటిలో పద్దెనిమిది ఇంకా నిలిచి ఉన్నాయి. తొమ్మిది, వారు గీసిన కాగితం మీద మాత్రమే ఉన్నాయి.

మన కార్యాలయంలో ఎవరూ ఊహించలేని నిత్యానందం గారు ఒకరు బందరులో ఉన్నారని చెప్పేది ఈ చివరి ఉదంతం. ఇనుగుదురుపేటలో జనాబ్ ఫసీయుద్దీన్ గారి పాత మేడ ఉంది. 2022లో దంపతులు కొలతకు వెళ్ళేసరికి, దాన్ని పడగొట్టి అపార్టుమెంటు కట్టే బేరం దాదాపు ఖాయమై ఉంది. నిత్యానందం గారు అమ్మవద్దనలేదు, వారసత్వం గురించి ఉపన్యాసమూ చెప్పలేదు. నాలుగు రోజులు కొలిచి, సెలవు ముగిసే నాడు వినయంగా, "వెనక వసారా మిగిలిపోయిందండీ. వచ్చే ఏడాది దాకా ఉంచగలరా?" అని అడిగారు. ఆయన నవ్వి సరేనన్నారు. మరుసటి ఏడు ముందుభాగం నక్షాలు చేతిలో పెట్టి, వసారా కొలిచి, "పై గది ఒకటి మిగిలిందండీ" అన్నారు. ఆ నక్షాలను ఫసీయుద్దీన్ గారు పెద్ద బల్లమీద పరిచి, కళ్ళద్దాలు సవరించుకుని, ఆ సాయంత్రమంతా చూస్తూ కూర్చున్నారట. "నేను పుట్టి పెరిగిన ఇల్లండీ ఇది. దీన్ని నేనెప్పుడూ చూడనే లేదు" అన్నారట.

కరుణమ్మ గారు ఈ సంగతి చెబుతూ, "ఆ గది కొలవడానికి గంట చాలు. ఈయన పని నానబెట్టడం నా కాపురంలో మొదటిసారి అక్కడే చూశాను" అన్నారు.

2024లో మూడవసారి వెళ్ళినప్పుడు, ఫసీయుద్దీన్ గారే గడప దాకా ఎదురు వచ్చారు. "నిత్యానందం గారూ, నాకు డెబ్భై రెండేళ్ళు. మీ ఎత్తు నాకు మొదటి ఏడే తెలిసింది. ఆ బేరం పోయిన రంజానుకే వదులుకున్నాను. ఇక గదులేవీ మిగల్చకుండా కొలిచేసుకోండి" అన్నారు. నిత్యానందం గారు టేపు తెరిచారు గానీ అంకెలు కనబడలేదు. ఆ రోజు అంకెలన్నీ కరుణమ్మ గారే చదివి రాసుకున్నారు. పని పూర్తయ్యాక పెద్దాయన మరో మాట అన్నారు. పైభాగం ఖాళీగా ఉందనీ, పదవీ విరమణ చేసి వచ్చాక దంపతులు అందులోనే ఉండవచ్చుననీ.

నిన్న జరిగిన వీడ్కోలు విందులో నిత్యానందం గారిని నాలుగు మాటలు చెప్పమంటే, అందరికీ నమస్కరించి, దోహా తనకు అన్నం పెట్టిందని మాత్రం చెప్పి ఆగిపోయారు. గౌస్ గారు లేచి, "ఏమన్నా తప్పు జేసుంటే మాఫీ అన్నా" అని కౌగిలించుకున్నారు. అప్పుడు కరుణమ్మ గారు మైకు అందుకుని, "ముప్పై ఏళ్ళు ఈయన ఊరూరినీ నిలబెట్టారు. ఇక మా ఊళ్ళో ఈయన్ని కాస్త కూర్చోబెడతాను" అన్నారు. సభ నవ్వింది. నిత్యానందం గారు తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నారు.

అక్టోబరు మొదటి వారంలో ఆ దంపతులు ఇనుగుదురుపేట మేడ మీదికి కాపురం మారుస్తున్నారు. అక్కడి సముద్రపు గాలి వారి ఊపిరికి బలమివ్వాలనీ, చూపు మసకబారకుండా, చేయి వణకకుండా నిత్యానందం గారు నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, కరుణమ్మ గారు సదా వారి పక్కన ఆరోగ్యంతో, చిరునవ్వుతో ఉండాలనీ సహోద్యోగులందరి ఆకాంక్ష. ఇన్నేళ్ళు సముద్రానికి ఇవతల కుంకే పొద్దును చూసిన ఆ కళ్ళకు, ఇకపై ప్రతి ఉదయమూ పొడిచే పొద్దే కనిపించుగాక.