ఓస్మండ్ దెబ్బకు చెరకు చప్పబడ్డ సంగతి

ఓస్మండ్ గిట్టెన్స్ నోరు తెరిస్తే రేవులో అలలు కూడా ఆగి వింటాయని చెప్పేవాడు ఒకడే ఉన్నాడు, అది ఓస్మండ్ గిట్టెన్సే. ఆ శనివారం మాత్రం ఆయనకు నోరు తెరవబుద్ధి కాలేదు. చెట్టు నీడన అందరూ కూర్చుని సముద్రంలోంచి తెచ్చిన సీ ఎగ్గులనే ముళ్ళ ప్రాణుల పెంకులు పగలగొట్టి, లోపలి పసుపుపచ్చ గుజ్జు చెంచాతో తీస్తున్నారు. చేపలమ్మే ఎర్మిన్ ఆయన పక్కన చతికిలబడి గొంతు తగ్గించింది.

"మా ఆయన నాలుగు రోజుల్నుంచి ఇన్సులిన్ మానేశాడు బాబాయ్. నీలాగే స్టెమ్ సెల్స్ ఎక్కించుకుంటాడట, ఇంక సూదులెందుకంటాడు. నిజమేంటో నువ్వే చెప్పు."

ఓస్మండ్ చేతిలో చెంచా పక్కన పెట్టాడు. నిజం ఆయనొక్కడికే తెలుసు. పోయినేడు ఊరంతా కలిసి, చర్చి ముందు చేపలు వేయించి అమ్మి, ఆయనకు టిక్కెట్టు కొనిచ్చి విమానం ఎక్కించింది. పక్క దీవిలో, ఓ హోటల్ గదిలో, తెల్లకోటు వాడెవడో ఏదో ఎక్కించి పంపాడు. రెండు వారాలు తగ్గినట్టే తగ్గి, షుగర్ మళ్ళీ మొదటికొచ్చింది. అంతమంది చేతులు కాల్చుకుని పంపితే, వాళ్ళ ముందు 'మోసపోయానర్రా' అనడానికి ముఖం చెల్లక అప్పుడు ఒక చిన్న కోత కోశాడు. అది ఇంతై ఇంతింతై, ఇప్పుడు ఎర్మిన్ మొగుడు కర్విన్ దాకా వచ్చింది.

అవతల కూర్చున్న కర్విన్ అప్పటికే అందుకున్నాడు. "బాబాయ్, ఆ సంగతి మళ్ళీ చెప్పు. మా ఆవిడ వినాలి."

"ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది విన్నాంగా," అంది ఎర్మిన్. "పరిశోధన అబద్ధం కాదట. కణాలు తయారుచేసి పెడితే కొందరు సూది మానేశారట కూడా. కానీ ఆ కణాల్ని ఒళ్ళు తినేయకుండా వేరే మందులు మింగుతూ ఉండాలట, ఇంకా పరీక్షలే జరుగుతున్నాయట. హోటల్లో అమ్మేది అది కాదంది."

"నర్సమ్మ చదివింది. బాబాయ్ అనుభవించాడు."

"అనుభవించినవాడు ఓస్మండైతే, నేను ఆ చదివినావిడనే నమ్ముతా," అన్నాడు ముసలి లిస్టన్, పెంకు పగలగొడుతూ.

ఇవాళ చెప్పేద్దామనే అనుకున్నాడు ఓస్మండ్. "అసలు జరిగిందేంటంటే" అని మొదలుపెట్టాడు కూడా. తలలన్నీ ఇటు తిరిగాయి, పాడు నాలుక పాత దారే పట్టింది.

"జరిగిందేంటంటే, నా తుంటి ఎముకలోంచి చెంచాడు కణాలు తీశారు, తిరిగి ఎక్కించారు, నాలుగొందలున్న షుగర్ మధ్యాహ్నానికల్లా తొంభై. ఇదేం పెద్ద విశేషం కాదు. తిరుగు విమానంలో నా పక్కనో లావుపాటావిడ, ఇరవయ్యేళ్ళ షుగరు, నా మోచెయ్యి ఆవిడకి తగిలిందంతే, దిగేసరికి ఆవిడా కేకు తింటోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"విమానానిక్కూడా షుగర్ తగ్గిందా?" అన్నాడు లిస్టన్.

"వినవయ్యా. దిగి అడ్డదారిన చెరకుతోటలోంచి నడిచొచ్చాను. నా ఒంట్లో కొత్త క్లోమం ఎంత ఆకలి మీదుందంటే, నేను నడిచిన సాలు సాలంతా చెరకు చప్పబడిపోయింది. మిల్లు మేనేజరు మా గుమ్మంలోకొచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, అయ్యా గిట్టెన్స్ గారూ, కోతలు అయ్యేదాకా రోడ్డు మీదే నడవండి, లేకపోతే ఈ ఏడు దీవిలో రమ్ము ఉండదు అని బతిమాలాడా లేదా?"

అందరూ నవ్వారు. కర్విన్ నవ్వలేదు, బుద్ధిగా వింటున్నాడు. అది చూసి ఓస్మండ్‌కు ఏడుపొచ్చినంత పనైంది, అయినా నోరు ఆగలేదు. ఇంతలో పడవొకటి ఒడ్డుకొచ్చింది. చెప్పులు విడిచేసి, కథ ఆపకుండానే మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, అందరితోపాటు తాడు లాగి, తిరిగొచ్చి కూర్చున్నాడు.

"ఆ కణాలు కాళ్ళలోకి దిగాయర్రా. షుగరుకు చచ్చిపోయిన నరాలు మళ్ళీ చిగిర్చాయి. ఇప్పుడు అరికాలి కింద చీమ పాకితే అది ఆడో మగో చెప్తాను. నమ్మవా లిస్టన్? ఇదిగో చూడు పాదం," అంటూ కాలెత్తి మోకాలి మీద పెట్టుకున్నాడు.

లిస్టన్ వంగి చూశాడు.

"కాబ్లర్ తొక్కావు," అన్నాడు లిస్టన్. "ఏడు ముళ్ళు. మడమలో విరిగి ఉన్నాయి."

కాబ్లర్ అంటే పొడవాటి నల్లముళ్ళ సముద్రప్రాణి, దాని ముల్లు ఒక్కటి గుచ్చుకుంటే ఎంతటి బెస్తవాడైనా రేవంతా వినబడేలా కేక పెడతాడు. ఓస్మండ్ తన మడమ తనే వంగి చూసుకున్నాడు. రక్తం ఇసుకతో కలిసి ముద్దైపోయి ఉంది. ముళ్ళు మెత్తబడాలని ఎర్మిన్ నిమ్మకాయ కోసి పిండింది. లిస్టన్ కత్తి మొనతో ఒక ముల్లు కదిలించాడు.

"నొప్పిగా ఉందా బాబాయ్?" అడిగాడు కర్విన్.

ఉందిరా, ఓర్చుకున్నాను అంటే చాలు, కథ నిలబడుతుంది. అలాంటి మాటలు ఆయనకు నీళ్ళు తాగినంత సులువు. ఓస్మండ్ కర్విన్ ముఖంలోకి చూశాడు.

"లేదురా," అన్నాడు. "ఏమీ తెలియట్లేదు. అక్కడ నాకు ఏమీ నయం కాలేదు. మీ అందరికీ అబద్ధం చెప్పాను."

లిస్టన్ ముల్లు లాగుతూనే ఉన్నాడు. ఒక్కరూ ఎగతాళి చెయ్యలేదు, అదే ఓస్మండ్‌కు భరించరానిదైంది. కర్విన్ ఆ మడమను చూసి, భార్య వైపు తిరిగాడు.

"ఫ్రిజ్‌లో సూదిమందు ఉందా, పారేశావా?"

"ఉంది," అంది ఎర్మిన్. "పద."