ఓడదొంగల మధ్యలో మా మేవిస్

కూచో అమ్మాయీ. ఆ కుర్చీలో కాదు, దానికో కాలు బాగాలేదు, ఇటు రా. ఆ పెట్టెలో ఉన్నదే టేపు. ముట్టుకోకు, ముందు నా మాట విను. పాత టీవీ కార్యక్రమాలు వెతికే సంఘం అంటూ నువ్వు ఫోన్ చేసినప్పుడే అనుకున్నా, మా మేవిస్ ఉంటే పడీపడీ నవ్వేదని. పోయి పంతొమ్మిదేళ్ళయింది మా ఆవిడ.

అరవై అయిదులో అనుకుంటా... కాదు కాదు, అరవై ఆరు, మన ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు గెల్చిన ఏడు. ఆదివారం టీ వేళకి ఆ ఓడదొంగల నవల టీవీలో వేసేవాళ్ళు, పదమూడు వారాలు. చిన్నప్పుడు ఆ పుస్తకం అట్టలూడిపోయేదాకా చదివానమ్మా నేను. ఆ అరగంట మా హాలిఫాక్స్ వీధుల్లో మనిషన్నవాడు కనబడేవాడు కాదు. కొత్తగా టేప్ రికార్డర్ కొన్నా. బొమ్మలెటూ దొరకవు, మాటలైనా దాచుకుందామని టీవీ ముందు దిండు మీద మైకు పెట్టి, "మేవిస్, అరగంట నోరు మెదపకు, నీకు దణ్ణం పెడతా" అన్నా. "నేనెందుకు మాట్లాడతాను? నేనేమన్నా వాగుడుకాయనా?" అంది. మీట నొక్కానో లేదో, "సిరిల్, ఆ కొబ్బరిచెట్టు చూశావా, అట్టముక్క! పడిపోతోంది, పడిపోతోంది!"

పోనీ ఒకసారా? పదమూడు వారాలూ అంతే. కెప్టెన్ కత్తి దూస్తుంటే, "అయ్యో, ఆయన మీసం ఊడొస్తోంది!" ద్వీపంలో తిండిలేక వాళ్ళు మలమల మాడుతుంటే, "చిక్కారా వీళ్ళు? ఆ లావుపాటాయన్ని చూడు, నీకంటే బొజ్జ." ఇహ ఆఖరి వారం. కెప్టెన్ చచ్చిపోతూ నిధి ఎక్కడుందో చెప్పాలి. నేను ఊపిరి బిగబట్టి కూచున్నా. ఆయన "నిధి... నిధి..." అంటున్నాడు. వంటింట్లోంచి ఈవిడ, "సిరిల్! కేకు మీద కస్టర్డ్ పొయ్యనా, వద్దా?" నిధి సంగతి ఆ టేపులో లేదమ్మా, కస్టర్డ్ ఉంది. మూడ్రోజులు ఆవిడతో మాట్లాడలేదు నేను. ఆవిడకి తెలిస్తేగా! ఆవిడే మాట్లాడుతూ ఉందాయె.

నవ్వు, నవ్వు. టీవీ వాళ్ళేమో తమ టేపులు తుడిచేసి వాటి మీద ఇంకేవో ఎక్కించుకున్నారు. దేశం మొత్తానికి ఇదొక్కటే మిగిలిందంటావు. ఇస్తాను, ఎందుకివ్వను? ఆవిడ పోయాక ఒక్కసారి కూడా వినలేదు నేను. రికార్డర్ పాడైందని అందరికీ చెప్పా. పాడూ లేదు, ఏమీ లేదు. నాకు భయం.

ఏమిటీ? టేపు పెళుసైపోయిందా? ఒక్కసారే తిరుగుతుందా, తర్వాత పొడేనా? ఆ ఒక్కసారిలోనే మీ యంత్రాల్లోకి ఎక్కించుకుని, ఇంట్లో మాటలన్నీ తీసేసి, నాటకం ఒక్కటే ఉంచుతారా. బాగుంది. మరి తీసేసినవి ఏం చేస్తారు?

పారేస్తారా?

ఉండు. ఆ పెట్టె ఇటివ్వు. ఇవ్వమ్మా, ముందు ఇటివ్వు. అవి నాకు పంపుతానని కాగితం మీద రాస్తేనే ఇది గుమ్మం దాటేది. ఏంటీ, అంతా కలిపే పంపుతావా? వద్దు. ఆవిడ మాటలొక్కటే కావాలి నాకు. ఈసారి ఆ కెప్టెన్‌ని నోరు మూసుకోమను.