కాల్‌లో ఉండగా తెరుచుకోదు

తను పిల్లాడికి పాలు పట్టే ఆ కాస్తసేపట్లో అత్తకేమైనా అవుతుందేమోనన్నదే ఆ కోడలి అన్నిటికంటే పెద్ద భయం. పరాయి రాష్ట్రంలోని లిలువా రైల్వే క్వార్టర్‌లో ఆ మధ్యాహ్నం అత్త గదికి లోపల గడియ పెట్టి ఉంది. పిలవగా పిలవగా ఫోను పట్టుకుని వచ్చి తలుపు తీసింది.

“బ్యాంకు యాప్ తెరుచుకోట్లేదమ్మా. ఈ ఎర్రక్షరాలు ఏటో చూడు.”

“ఉండు, కూడబలుక్కోనీ... ‘మీరు కాల్‌లో ఉన్నారు. అది పెట్టేసి రండి’ అంటోంది. ఎవరితో మాట్లాడుతున్నావత్తా?”

“ఎవరితోనూ లేదు.”

“మరి యాప్‌కెలా తెలిసింది?”

“మెల్లగా. వీడియోలో పోలీసాయన ఉన్నాడు. నీ మొగుడి మీద కేసంట. డబ్బు పంపితే వదిలేస్తాడంట. ఎవరికీ చెప్పొద్దన్నాడు, వింటన్నాడు.”

“విననీ. హిందీ ఆయనకి మన తెలుగేం తెలుస్తుంది? ఏం మాట్లాడుతున్నారని అడిగితే పిల్లాడికి ఆకలేస్తోందని చెప్పు.”

“అడుగుతున్నాడే... బచ్చా భూఖా హై, సాబ్... కట్ చేస్తే నా కొడుకుని జైల్లో పెట్టేస్తారేమోనే.”

“నీ కొడుకు వర్క్‌షాపులోనే ఉన్నాడు. ఇప్పుడే ఫోన్ చేసి కూరేటని అడిగాడు.”

“నిజంగానా?”

“జైలుకెళ్లేవాడు కూర గురించి అడుగుతాడా?”

“ఏటి చెప్పావు?”

“బెండకాయ అన్నాను. వాడు దొంగ పోలీసు. ఇలా ఇయ్యి ఫోను.”

కోడలు కాల్ కట్ చేశాక అత్త నవ్వబోయి, ఆమె భుజం మీద తల ఆన్చి ఏడ్చేసింది.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లెవరైనా గడియ పెట్టుకుని ఫోన్లో ఉంటే, ఒక్కసారి వెళ్లి తలుపు తట్టి చూడండి.