ఇరవై మూడు కాగితాల్లో ఒకే గుండె

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం మార్చి పదహారవ తేదీ, గురువారం ఉదయం పది గంటలకు, ఇరవై నాలుగేళ్ల యువతి ఒకరు ఆరోగ్య శాఖ బిల్లుల పరిశీలన విభాగంలో గుమస్తాగా చేరి, హాజరు పట్టీలో తొలి సంతకం చేయబోయి, సిరా ఒలికించి, పక్క వరుసలోని పేరును కూడా మరక చేశారు. ముప్పై ఆరు సంవత్సరాల సుదీర్ఘ సేవానంతరం ఈ నెలాఖరున ప్రధాన పరిశీలనాధికారిణిగా పదవీ విరమణ చేస్తున్న ఆ మహనీయురాలిని మనమందరం ఎదుట 'మేడం గారు' అనీ, చాటున 'భూతద్దం మేడం' అనీ పిలుచుకుంటాం. చాటు పేరు కూడా తమకు తెలుసునని వారు ఎన్నడూ పైకి అనలేదు. ఈ వ్యాసం రాయబోతున్నామని తెలిసినప్పుడు మాత్రం, 'నిష్కళంక', 'నిర్భయ' అనే రెండు మాటలు తమ గురించి వాడవద్దని కోరారు. ఆ కోరికను మన్నిస్తూనే, అందుకు కారణమైన సంగతులను ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ నివేదిస్తున్నాము.

మేడం గారు సహజంగా భయస్తురాలు. రోడ్డు దాటాలంటే భయం. అధికారి గది గంట మోగితే భయం. అన్నింటినీ మించి, తన చేతుల మీదుగా ఒక తప్పు కాగితం దాటిపోతుందేమోనన్న భయం. ఆ చివరి భయమే వారికి కార్యదక్షతను ప్రసాదించింది. ఇతరులు ఒకసారి చదివే బిల్లును వారు మూడుసార్లు చదివేవారు. మందు పేరులో అక్షరం తేడా ఉంటే గుర్తించేవారు. తారీఖు దిద్దిన చోట కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూసేవారు. భర్త సరుకుల ఓడలో వంటమాస్టరు కావడం వల్ల ఏడాదిలో ఎనిమిది నెలలు సముద్రం మీదనే ఉండేవారు. ఒక్కగానొక్క కూతురిని పెంచుతూ, ఇంటినీ ఉద్యోగాన్నీ రెండు చేతులతో మోసుకుంటూ, ఒక్కొక్క మెట్టే ఎక్కి పదోన్నతులు పొందారు.

మెట్టే అనడం అలంకారం కోసం కాదు. లిఫ్టు అంటే వారికి హడలు. అయిదో అంతస్తులోని మన విభాగానికి ముప్పై ఆరేళ్లూ కాలినడకనే వచ్చారు. ఒకనాడు ఉప సంచాలకుల వారు, కింద సమావేశానికి దస్త్రం తీసుకుని రమ్మని మేడం గారికి చెప్పి, తాము లిఫ్టులో బయలుదేరారు. మేడం గారు మెట్లు దిగుతూ ఉండగానే ఆ లిఫ్టు మూడో అంతస్తుకూ రెండో అంతస్తుకూ నడుమ ఆగిపోయింది. అధికారి గారు ఎంతటి గంభీరులో మనకు తెలుసు. ఆనాడు వారి గొంతు పిట్ట గొంతయింది. మెకానిక్ వచ్చేదాకా, నలభై నిమిషాల పాటు, మేడం గారు మెట్ల మీద చతికిలబడి తలుపు సందులోంచి వారితో మాట్లాడుతూనే ఉన్నారు.

"భయపడకండి అని నేననను సార్. బయటున్న నాకే చెమటలు పడుతున్నాయి. భయపడుతూనే ఊపిరి మెల్లగా తీసుకోండి."

"తాడు తెగదు కదా మేడం?"

"తెలీదు సార్. తెగేదైతే ఈపాటికి తెగేదేమో."

ఈ ఓదార్పుకు లోపల నవ్వారో ఏడ్చారో ఉప సంచాలకుల వారు నేటికీ చెప్పరు.

ప్రభుత్వం ఉచిత వైద్య పథకాన్ని ప్రవేశపెట్టాక, ఆసుపత్రులు చేసిన చికిత్సల ఖర్చును మన కార్యాలయమే పరిశీలించి ఆమోదించే విధానం వచ్చింది. మేడం గారికి గుండె జబ్బుల దరఖాస్తులు అప్పగించారు. ప్రతి దరఖాస్తుతో పాటు రోగి గుండె రక్తనాళాల చిత్రం జతపరచి పంపాలి. నాళం ఎక్కడ పూడుకుపోయిందో అందులో కనబడాలి. ఆ పూడికను తెరవడానికి లోపల స్టెంటు అనే చిన్న లోహపు గొట్టాన్ని అమర్చినట్టు వైద్యుడు ధ్రువీకరించాలి. ఒకనాటి మధ్యాహ్నం, నగరంలో పేరుమోసిన ఒక ప్రైవేటు ఆసుపత్రి పంపిన చిత్రంలో, ఛాతీకి అంటించిన తీగ ఒకటి మెలిపడి ఎనిమిది అంకెలా ఉండటం వారి కంట బడింది. ఆ ఎనిమిదిని ఇంతకు ముందు ఎక్కడో చూసిన జ్ఞాపకం. బీరువా తెరిచి పాత దస్త్రాలు తీశారు. డెబ్బై ఒక్క సంవత్సరాల వృద్ధురాలి ఛాతీ మీద అదే ఎనిమిది. ముప్పై నాలుగేళ్ల లారీ డ్రైవరు ఛాతీ మీద అదే ఎనిమిది, అదే మూలన, అదే వంపుతో. నాలుగు రోజులు వెతకగా ఇరవై మూడు దరఖాస్తులు తేలాయి. పేర్లు ఇరవై మూడు, గుండె మాత్రం ఒక్కటే.

పథకం వైద్య సలహాదారు ఆ చిత్రాలను పక్కపక్కన పెట్టి చూసి, రోగుల మిగతా పరీక్షల కాగితాలు కూడా తిరగేసి, "ఇది దొంగ బిల్లు మాత్రమే కాదమ్మా. స్టెంట్లు నిజంగానే పెట్టారు. జబ్బు లేనివాళ్లకి పెట్టారు," అన్నారు. డ్రైవరు చికిత్స జరిగిన ఆరో రోజున రక్తస్రావంతో మరణించినట్టు దస్త్రం చివరి పుటలో ఉంది.

మేడం గారి గుండెలు జారిపోయిన ఘడియ అది. ఎందుకంటే ఆ ఇరవై మూడింటిలో తొమ్మిదింటి మీద 'సరిచూడబడినది' అన్న ముద్ర కింద ఉన్న పొట్టి సంతకం వారిదే. డ్రైవరు కాగితం ఆ తొమ్మిదిలో ఒకటి. పక్క బల్ల మీదుగా వెళ్లిన మిగిలిన పద్నాలుగింటిలో వారి సొంత అక్కగారి పేరు ఉంది. వ్యాయామ ఉపాధ్యాయురాలైన ఆ అక్కగారు అప్పటికి నాలుగేళ్ల ముందు ఛాతీలో మంట అంటే, ఆ ఆసుపత్రి వారి ఉచిత శిబిరానికి వెళ్లమని చెప్పింది కూడా ఈ చెల్లెలే.

ఉప సంచాలకుల వారు తలుపు వేసి మాట్లాడారు. "మీ మంచికే చెప్తున్నాను మేడం. రిపోర్టు రాస్తే మొదట మునిగేది మీరే. తొమ్మిది సంతకాలు! ఆసుపత్రి పెట్టిన ఆ డాక్టరు ఎవరెవరితో తిరుగుతాడో మీకు తెలీదు."

"తెలుసు సార్. అందుకే నిన్నట్నుంచీ అన్నం సయించట్లేదు."

"మరింకేంటి?"

"ఈ వారం కూడా ఆ ఆసుపత్రి నుంచి ఆరు దరఖాస్తులొచ్చాయి సార్. వాళ్లింకా బతికే ఉన్నారు."

ఈ సంభాషణ ఎవరి నోట బయటికి జారిందో నేటికీ తేలలేదు. మన గదుల్లోని వారే కావచ్చునన్న అనుమానం చాలాకాలం మనల్ని ఒకరి ముఖం ఒకరు చూసుకోనివ్వలేదు. మూడో రోజు సాయంత్రం, జనం నిండిన బస్టాపులో, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న మధ్యవయస్కుడు ఒకడు మేడం గారి పక్కన నిలబడి, బంధువులా పలకరించాడు.

"మీ అమ్మాయికి మతిమరుపు ఎక్కువండి. వానొచ్చే రోజు కూడా గొడుగు పట్టుకెళ్లదు. కాలేజీ వెనక గేటు దగ్గర ఒక్కతే తడుస్తూ నిలబడుతుంది. కాస్త చెప్పండమ్మా."

అంతే. బస్సు రాగానే ఎక్కి వెళ్లిపోయాడు. మేడం గారికి పై ప్రాణాలు పైనే పోయాయి. అక్కడే, నలుగురిలో, కాలువ పక్కన కూర్చుని వాంతి చేసుకున్నారు. ఇంటికి వెళ్లి మొదట కూతురు క్షేమంగా ఉందో లేదో చూసుకున్నారు. ఓడలో ఉన్న భర్తకు ఫోన్ కలిపితే, గాలి హోరులో ఆయన అన్నది ఒక్కటే వినబడింది: "పిల్లని మా చెల్లెలింటికి పంపు. నువ్వేం చేస్తావో నువ్వు చెయ్యి."

మర్నాడు సమర్పించిన పదకొండు పుటల నివేదికలో మొదటి వాక్యం ఇది: "ఈ ఇరవై మూడు దరఖాస్తులలో తొమ్మిదింటిని పరిశీలించి, తప్పును గుర్తించక ఆమోదించినది ఈ నివేదిక రాస్తున్న నేనే." ఉప సంచాలకుల వారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, కలం తీసి, దాని కిందనే తమ సంతకం చేసి, విచారణ సంస్థకు పంపించారు. వారు అలా చేస్తారని మనలో ఎవరూ అనుకోలేదు. అయినప్పటికీ శాఖ మేడం గారిని విచారణ పూర్తయ్యే వరకు విధుల నుంచి తప్పించింది. ఆ ఏడు నెలలు మన కార్యాలయ చరిత్రలో తలెత్తుకుని చెప్పుకోదగినవి కావు. వారింటికి వెళ్లిన సహోద్యోగులు ఇద్దరే. మిగిలిన వారికి కారణాలున్నాయి; ఆ కారణాలన్నింటికీ ఒకటే పేరు, భయం.

అక్కగారికి విషయం చెప్పడం నివేదిక రాయడం కన్నా కష్టమైందని మేడం గారు అంటారు. అప్పటికి నాలుగేళ్లుగా ఆ అక్కగారు ఉద్యోగం మానేసి, మంచం పక్కన మందుల డబ్బా పెట్టుకుని, బరువెత్తకుండా, వేగంగా నడవకుండా, గాజు బొమ్మలా బతుకుతున్నారు.

"అక్కా, నీ గుండెకి జబ్బు లేదట. ఎప్పుడూ లేదట."

"మరి లోపల పెట్టింది?"

"అవసరం లేకుండానే పెట్టారక్కా."

"తీసేస్తారా?"

"తియ్యడానికి కుదరదట. మందులూ ఆపకూడదు."

"గట్టిగా నవ్వితే ఏమవుతుందోనని నాలుగేళ్లు మెల్లగా నవ్వానే," అన్నారు అక్కగారు. "నువ్వు వెళ్లమంటే వెళ్లాను. ఇవాళ నువ్వే వచ్చి ఇలా చెప్తున్నావు. కాసేపు నన్నొదిలెయ్." ఆ కాసేపు పంతొమ్మిది రోజులు సాగింది. ఇరవయ్యో రోజున ఆమే ఫోన్ చేసి, సాక్షుల జాబితాలో తన పేరు కూడా రాయించమన్నారు.

న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పవలసిన రోజున మేడం గారు వరండాలోని బల్ల మీద కూర్చుని ఉండగా, పక్కన ఒక యువతి వచ్చి కూర్చుంది. డ్రైవరు భార్య.

"కాగితం రాసిన మేడం మీరేనా?"

దాచడానికి మేడం గారికి నోరు రాలేదు. "నేనేనమ్మా. మీ ఆయన కాగితం మీద సంతకం కూడా నాదే."

"తెలుసు. మొన్న కోర్టులో మీ కాగితం చదివి వినిపించారు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మిమ్మల్ని క్షమించానని నేను చెప్పలేను. కానీ మీరు లోపల చెప్పడం అయ్యేదాకా ఇక్కణ్నుంచి కదలను. వెళ్లండి."

బోనులో మేడం గారి చేతులు కనబడేలా వణికాయి. ఎదురుగా మూడో వరుసలో, ఆనాడు బస్టాపులో పలకరించిన మనిషి అదే ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నాడు. నిందితుల న్యాయవాది ఆ వణుకును వదల్లేదు.

"మీరు డాక్టరా?"

"కాదండి."

"గుండె గురించి మీకేం తెలుసు?"

"గుండె గురించి తెలీదండి. కాగితం గురించి తెలుసు."

"చేతులెందుకు వణుకుతున్నాయి? నిజం చెప్పేవాళ్లకి భయమెందుకమ్మా?"

"భయమేనండి. మొదట్నుంచీ భయమే. ఆ మూడో వరుసలో కూర్చున్నాయన మా అమ్మాయి గొడుగు సంగతి మాట్లాడినప్పట్నుంచీ మరీ భయం. భయపడుతూ చెప్తే నిజం అబద్ధమైపోతుందా అండీ?"

న్యాయమూర్తి గారు కలం ఆపి, మూడో వరుస వైపు చూసి, ఆ మనిషిని బయటికి వెళ్లనివ్వవద్దని పోలీసులను ఆదేశించారు. అతడు ఆసుపత్రి యజమాని తోడల్లుడని సాయంత్రానికి తేలింది. కేసు మరో రెండేళ్లు నడిచింది. అక్కగారు సాక్ష్యం చెప్పారు. వృద్ధురాలి కొడుకు చెప్పాడు. ఆసుపత్రిలో ఆ ఒక్క చిత్రానికే పేర్లు మార్చి ముద్రించిన సాంకేతిక నిపుణుడు ఏడుస్తూ ఒప్పుకున్నాడు. ఆసుపత్రి మూతపడింది. యజమాని వైద్యునికీ, అతని తోడల్లునికీ శిక్షలు పడ్డాయి. మేడం గారి మీద శాఖాపరమైన విచారణ హెచ్చరికతో ముగిసింది. ఆ హెచ్చరిక పత్రాన్ని తమ సేవా పుస్తకంలో నుంచి తొలగించాలన్న ప్రతిపాదనను వారే తిరస్కరించారు. తీర్పు వెలువడిన నాడు మనం మిఠాయి తెప్పిస్తే ముట్టుకోలేదు. డ్రైవరు భార్య ఇంటికి వెళ్లి, గుమ్మం బయటే నిలబడి విషయం చెప్పి వచ్చారు. ఆమె లోపలికి రమ్మనలేదు. మంచినీళ్లు మాత్రం ఇచ్చింది.

ఆ తరువాతి సంవత్సరాలలో మేడం గారు రూపొందించిన పద్ధతి ప్రకారమే, ఏ ఆసుపత్రి చిత్రాలనైనా మనం ఒంటరిగా చూడక, పాతవాటి పక్కన పెట్టి చూస్తున్నాము. దాని వల్ల మరో రెండు ఆసుపత్రుల అక్రమాలు బయటపడ్డాయి. ఆ కేసులలో వారి సాక్ష్యం ఇంకా మిగిలి ఉంది. పదవిలో ఉన్నంతకాలం వాయిదాలకు కార్యాలయ వాహనం, వెంట ఒక కానిస్టేబులు ఉండేవారు. వచ్చే నెల నుంచి ఆ రెండూ ఉండవు. ఈ సంగతి తలచుకుని వారు కొన్ని వారాలుగా సరిగా భోజనం చేయడం లేదని కూతురు ద్వారా తెలిసింది.

అందుచేత, ఆనాడు వారింటి గడప తొక్కని మనమే, ఇకపై ప్రతి వాయిదాకూ ఇద్దరు చొప్పున వారితో బస్సులో వెళ్లేందుకు వంతులు వేసుకుని ఒక పట్టిక రాసుకున్నాము. ఉప సంచాలకుల వారు తమ పదవీ విరమణ జరిగి ఆరేళ్లయినా, కబురు పెట్టి మొదటి వంతు తమకే రాయించుకున్నారు. పట్టికను మేడం గారి చేతికిచ్చినప్పుడు, అలవాటు చొప్పున మూడుసార్లు చదివారు.

"మీకెవరికీ భయం లేదా?" అని అడిగారు.

"ఉంది మేడం," అన్నాం.

"అయితే సరే, రండి," అన్నారు.

ముప్పై ఆరేళ్లు ఇతరుల ప్రాణాల కోసం తమ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని పనిచేసిన ఈ సహోద్యోగినికి కంటి నిండా నిద్ర, నోటికి రుచించే అన్నం, ఓడ దిగి ఇంటిపట్టున ఉండే భర్త తోడు, కూతురి చల్లని నీడ, ఎదురెదురుగా కూర్చుని బిగ్గరగా నవ్వే అక్కగారి సాంగత్యం నిండుగా లభించాలనీ, ఆరోగ్యంతో, ఆయుష్షుతో నూరేళ్లు చల్లగా వర్ధిల్లాలనీ విభాగ సిబ్బంది యావన్మందీ మనసారా ఆకాంక్షిస్తున్నాము.