ఒక వినియోగదారుడు

హలో… ఆ, నేనేరా, అక్కని… లేదు, ఇవాళ ఇంట్లోంచే పని. కొట్లో ఎవరైనా ఉన్నారా?… సరే, ఆ చేతిలో గడియారం పక్కన పెట్టి విను.

మా వెబ్‌సైటు సాయంత్రం ఐదింటికి ఒక జాబితా వేస్తోంది. తమ దుకాణం గురించి కంప్యూటరు చేత పొగడ్తలు రాయించుకున్నవాళ్ల పేర్లు… ఆ, పట్టుకునేది నేనే… అందులో నీ పేరుంది.

…అరవకు. దొంగ పొగడ్తలు మూడు దొరికితే పేరెక్కుతుంది. నెట్‌లో నీ దుకాణం పేజీలో సరిగ్గా మూడు.

…ఎలా తెలిసిందా? పదకొండేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నదాన్ని. మొదటిది వింటావా? "మా అమ్మ ఈ దుకాణానికి వచ్చాడు. ఆయన చాలా సంతోషించింది." మనిషైతే అక్షరం తప్పు రాస్తాడు గానీ, కన్నతల్లిని 'ఆయన' చేస్తాడా?… రెండోది ఇంకా నయం. నిన్ను ముందు 'మీరు' అంది, తర్వాత 'నువ్వు' అంది, చివరికి 'అది' అంది.

…ఆ, అలా దారికి రా. ఎందుకు రాయించావు మరి?… బేరాల్లేకపోతే నాకు చెప్పొద్దూ, పిచ్చి సన్నాసీ… ఇప్పుడు తీసేస్తే ఏం లాభం, మా ఎడిటర్ దగ్గర నకళ్లున్నాయి.

మరి మూడోది?… నీది కాదా? నా మీద ఒట్టు?… సరే, విను. "సదరు దుకాణమునందు మా గోడ గడియారము మిక్కిలి శ్రద్ధతో బాగుచేయబడినది. గతమున ఆరు గంటలకు ఏడు కొట్టబడుచుండెను. ప్రస్తుతము ఏ గంటకు ఆ గంటయే కొట్టబడుచున్నది." కింద పేరు 'ఒక వినియోగదారుడు'. తిండి తినే మనిషెవడైనా ఇలా రాస్తాడట్రా?

…నిజంగానే వచ్చిందా అలాంటి గడియారం? ఎవరు తెచ్చారు?… ఆఫీసు ప్యూనా… దుప్పట్లో చుట్టి… ఏం దుప్పటి?

…నీలం గళ్లది.

ఉండు, లైన్లోనే ఉండు… ఏం లేదు, స్టూలు ఎక్కుతున్నా. మా హాల్లో గడియారం పోయిన నెల మీ బావ బాగుచేయించుకొచ్చారు. ఎక్కడా అంటే, ఆఫీసు దగ్గర ఎవరో అన్నారు… నువ్వెలా గుర్తుపడతావులే, ఈ పాత గడియారం కొనేనాటికే మా గడప తొక్కడం మానేశావుగా. నువ్వు బాగుచేసినవాటి లోపల ఏదో గీస్తావు కదూ?… వెనక మూతకి లోపలివైపు, తేదీ, కింద చేప… ఆగు, మూత బిగుసుకుపోయింది…

…ఉందిరా. చేప ఉంది. తోక కూడా వంకరే.

…ఏడవట్లేదు. దుమ్ము పడింది.

అదికాదురా, స్కూటరు విషయంలో మీ ఇద్దరూ మాటా మాటా అనుకుని మూడేళ్లు. నీ పేరెత్తితే పేపరు అడ్డం పెట్టుకునే మనిషి… ఆ, ఆయనే రాశారు. ఇరవయ్యేళ్లు ఆఫీసు నోటీసులు రాసి రాసి, ఇంట్లో చీటీ కూడా 'సబ్బులు రెండు కొనబడవలెను' అనే రాస్తారు. నాకే వెలగలేదు. తప్పులు ఏరుకుంటూ కూర్చున్నాను గానీ, అందులో ఏం రాసుందో చదవలేదు… మా గడియారం కూడా ఏడు కొట్టేదిరా. పాత గడియారాలన్నీ ఇంతే కాబోలనుకున్నా.

…నీ పేరు ఎక్కదులే. మూడోదానికి మనిషి దొరికాడు, ఇక రెండేగా. ఎడిటర్‌కి ఉన్నదున్నట్టు చెప్తా. ఆ రెండూ మాత్రం ఇప్పుడే పీకెయ్. నీకు ఈ ఒక్కటీ చాలు.

…ష్, తలుపు చప్పుడు. మీ బావే… ఏయ్, పెట్టేశావంటే చూడు.

ఏమండీ, మీకు ఫోను… ఎవరా? ఒక దుకాణదారుడు… స్టూలెందుకు ఎక్కానో తర్వాత చెప్తాగానీ, ముందిది పట్టుకోండి… ఆ చెప్పులతోనే రండి, ఏం కాదు…

అంతంత మాటలు వెతుక్కోకండి. "ఎలా ఉన్నావు" అనండి, చాలు.